పిండిపురుగుల జాతకం

నిన్న పొద్దున పూరీలు చేసిన. ముగ్గురు తిన్నరు, మెచ్చుకున్నరు, చేతులు కడుక్కున్నరు. ఆ తర్వాతనే నా గుండె గుబేలుమన్నది. ఎందుకో చెప్తే మీరు మా ఇంట్ల ఇగ మంచినీళ్ళు గూడ ముట్టరు. అయినా చెప్తా. చాయ్ మాత్రం చల్లారకముందే తాగుండ్రి, చాయ్‌ల ఏం లేదు.

ముచ్చట హోళీ పండుగ కాడ మొదలైంది.

మాది శాలిబండల పాత ఇల్లు. మా ఆయన కిషన్‌బాగ్ గుళ్ళె పూజ చేసేటోడు, ఆయన పోయి పదేండ్లాయె. కొడుకూ కోడలూ నౌకరీ మీద నాందేడుల ఉన్నరు. ఇంట్ల నేను, నా మనుమరాలు విమల. విమల ఆడపిల్లల కాలేజీల జువాలజీ చెప్తది. కప్పలు, బొద్దింకలు, వానపాములు, అన్నీ దాని చుట్టాలే. మీది అర్రల నసీర్ సాబ్ ఉంటడు. వాళ్ళమ్మా నేనూ ముప్పై ఏండ్లు ఒక్క గోడకు అటొకరం ఇటొకరం బతికినం. రజాకార్ల లొల్లి అయినంక వాళ్ళ ఇల్లు చేయి జారింది, అమ్మ గూడ పోయింది. పుస్తకాల సందుకతోని నసీరు మా మెట్ల కాడ నిలబడితే మీదికి పొమ్మన్న. నన్ను ఖాలా అంటడు, అంటే చిన్నమ్మ. కాలేజీల లెక్కలు చెప్తడు. లెక్కలు చెప్పనప్పుడు లెక్కల గురించి ఆలోచిస్తడు. చాయ్‌ల చక్కెర వేసిన్నో లేదో ఒక్కనాడు గూడ గుర్తువట్టలే.

ఇగ నా సంగతి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. విమల పలక తెచ్చి నేర్పింది, ముందు అంకెలు, తర్వాత అఆలు. ఆలస్యంగ వచ్చిన అక్షరం కొత్త అల్లుడసొంటిది, ఇంట్ల ఏ మూలకు పోయినా ఎదురొస్తది. సబ్బు మీది కాయితం, కిరోసిన్ డబ్బ, గోడ మీది సినిమా పోస్టర్, ఏది కనబడ్డా కండ్లద్దాలు పెట్టుకోని కూడబలుక్కుంట చదువుతా. చదవకుండ ఉండుడు చాతగాదు. ఈ మాట యాది పెట్టుకోండ్రి. కొంప ముంచింది ఈ రోగమే.

ఒకనాడు మెట్ల మీద విమలకూ నసీరుకూ కొట్లాట. "మీ బయాలజీ వాళ్ళు ప్రాణిని కోసి చూస్తరు గని లెక్క కట్టి చూడరు," అంటడు ఈయన. "అయితే వచ్చి మా సార్లకే చెప్పు," అంటది అది. ఆ కొట్లాటే ఆదివారం క్లాసయింది. మా ముందరి అర్రల నాలుగు చాపలు, ఒక నల్లబల్ల.

మొదటి ఆదివారమే నరహరి రావు సార్ వచ్చిండ్రు. విమలకు పెద్దసారు. ముప్పై ఏండ్లుగ కప్పలను కోసిన చెయ్యి, చాయ్ కప్పు పట్టుకున్నా కత్తి పట్టుకున్నట్టే ఉంటది. ఎంబడి ఇంకో ముగ్గురు టీచర్లు.

"నసీర్ సాబ్, ఒక్క మాట," అన్నరు కూసోకముందే. "లెక్కలంటే భయంతోనే మేము నలుగురం బయాలజీల చేరినం. మీరు ముప్పై ఏండ్ల తర్వాత వచ్చి మళ్ళ పట్టుకుంటున్నరు!"

అందరు నవ్విండ్రు. సార్ నవ్వలే. "ప్రాణమున్నదానికి లెక్కేంది? పురుగు మీ ఈక్వేషన్ చూసి గుడ్లు పెడ్తదా?"

నసీర్ సాబ్ లేచి మా గూట్లకెల్లి మట్టి ఏనుగు బొమ్మ తీసి సార్ చేతుల పెట్టిండు. "సార్, దీనికి పేగులున్నయా?"

"లేవు."

"నెత్తురు?"

"లేదు. ఇది ఏనుగే కాదు."

"కాదు. అయినా దీన్ని చూసి, ఏనుగు పోవాలంటే ఏ తీరు తలుపు పెట్టాల్నో చెక్కపని చేసే వడ్లాయన చెప్పగలుగుతడు. మోడల్ అంటే గంతే సార్. పేగులు మీ తాన, తలుపు నా తాన."

సార్ ఆ ఏనుగును తిప్పి తిప్పి చూసిండ్రు. "తొండం మంచిగ చేసిండు," అని కింద పెట్టిండ్రు. ఆ తర్వాత అసలు మాట చెప్పిండ్రు. "సీసల పురుగులను పెంచుండ్రి, ఎన్నైతయో ముందే చెప్పుండ్రి, శ్రావణం దాక చూస్త. మీ లెక్క నిజమైతే ఈ క్లాసు కాలేజీల పెట్టిస్త, విమలకే అప్పజెప్త. కాకపోతే విమల ఇగ ఈ మాట ఎత్తొద్దు. కప్పలే చెప్పుకోవాలె."

విమల ముఖం చూసిన. దానికి కప్పలంటే ఇష్టమే, గని ఇది కావాల్నన్న ఆశ కండ్లల్ల అగ్గిపుల్ల గీసినట్టు కనబడ్డది. అప్పటికెల్లి ఈ పురుగుల పని నాకు గూడ ఇంటిపనైంది.

పని ఏందంటే: ఒక గాజు సీస, తూకమేసి పోసిన గోధుమపిండి, అండ్ల పది ఎర్ర పిండిపురుగులు, మూతికి బట్ట. చీకటిగ, వెచ్చగ ఉంటదని సీసను నా కొట్టు అర్రల పెట్టిండ్రు. నెలకోసారి ఆదివారం నాడు జల్లెడ పట్టి, పురుగులను లెక్కబెట్టి, అంతే తూకం కొత్త పిండి పోసి మళ్ళ అండ్లనే వదులుడు. జల్లెడ ఎవలది? నాదే! మళ్ళ వంటింట్లకు రాలే ఆ జల్లెడ.

మొదటి నెల ఇరవై తొమ్మిది. రెండో నెల ఎనభై. అప్పుడు నసీర్ సాబ్, "ఈ రెండు లెక్కలు చాలు," అని రెండు కాయితాలు నింపి, మూడో కాయితం మీద వచ్చే మూడు నెలల లెక్క ముందే రాసి సీస పైన గోడకు అంటిచ్చిండు. నూట ముప్పై తొమ్మిది. నూట డెబ్బై ఎనిమిది. నూట తొంభై మూడు. పక్కన ఒక గీత, పాము పడగెత్తినట్టు లేచి, పైన తల వంచి అడ్డంగ పోయింది.

"అడ్డంగ ఎందుకు పోయింది?" అని అడిగిన.

"ఎన్ని పురుగులుంటే అంత పెరుగుతయి ఖాలా. గని ఎంత జాగ మిగిలితే అంతే పెరుగుతయి. ఈ రెండూ గుణిస్తే ఈ గీత వస్తది. సీస నిండుతుంటే పెరుగుడు ఆగుతది."

"ఉమ్మడి ఇల్లు గదా," అన్న. "కోడండ్లు ఎక్కువైతే పొయ్యి కాడ జాగ ఉండదు, వేరు కాపురాలు."

"మీకు ఒక్క మాటల అర్థమైంది! వాళ్ళకు రెండు నెలలు పట్టింది."

"వీటికి వేరు కాపురాలు లేవు నానమ్మా," అన్నది విమల మెల్లగ. "జాగ లేకుంటే ఇవి తమ గుడ్లను తామే తింటయి."



మూడో నెల జల్లెడ పడితే నూట ముప్పై ఆరు. "గుడ్డి దెబ్బ," అన్నరు సార్. నాలుగో నెల నూట ఎనభై ఒకటి. ఈసారి సార్ కాయితం దగ్గరికి పోయి అంకెలు మళ్ళొకసారి చదివిండ్రు. ఇగ మిగిలింది ఒక్క ఆదివారం, ఒక్క లెక్క.

అప్పటికెల్లి నాకు ఆ అర్ర అంటే ఏదో తీరుగ అయింది. చెప్పుండ్రి మీరే! కాయితం రాసిననాడు ఆ పురుగుల్ల సగం పుట్టనే లేదు. గుడ్లు గూడ కాలేదు. పుట్టకముందే గోడ మీద వాటి లెక్క. ఒక్కొక్కటి పుట్టి, ఎవలో పిలిచినట్టు వచ్చి ఆ లెక్కల నిలబడుతున్నది.

మధ్యాహ్నం పూట విమల కాలేజీకి పోయినంక ఇల్లు చప్పుడు లేకుంట ఉంటది. కొట్టు అర్రకు కిటికీ లేదు. గవాక్షంలకెల్లి చేతి వెడల్పు వెలుతురు వచ్చి సరిగ్గ సీస మీద పడ్తది. పైకి చూస్తే పిండి తెల్లగ, నున్నగ, అండ్ల ఎవరూ లేనట్టే. జరసేపు నిలబడితే మాత్రం ఒక్కతాన లేస్తది, ఒక్కతాన కుంగుతది. ఊపిరి తీసుకున్నట్టు. అద్దం పక్కపొంటి వాటి సొరంగాలు, వంకర గీతలు. నాకు పాడు అలవాటున్నది గద, వాటిని గూడ చదవబోయిన. ఒకనాడు 'ర' కనబడ్డది. మూడోనాటికి దానికి దీర్ఘం వచ్చింది. రా! ఎవలను? కందిపప్పు కోసం పోయినదాన్ని పప్పు లేకుంటనే బయటికొచ్చిన. ఆ పూట విమలకు చారే గతి.

శ్రావణంల, ఆఖరు లెక్క ఆ ఆదివారమనంగ, బుధవారం నాడు నసీర్ సాబ్ మెట్ల మీద కూసోని ఏదో రాసుకుంటున్నడు. నోరు ఊరుకోదు గద, అడిగిన.

"నసీరూ, గిట్ల ఇంటికి గూడ రాయొస్తదా?"

"ఇంటికా?" నవ్విండు. "మీరు కాపురానికి వచ్చిననాడు ఈ ఇంట్ల ఎంతమంది ఖాలా?"

"పంతొమ్మిది."

"మరి పదేండ్లకు?"

చెప్పుకుంట పోయిన. పద్నాలుగు, పదకొండు, ఏడు. పెండ్లిళ్ళు అయి పోయినోళ్ళు, బదిలీ మీద పోయినోళ్ళు, జ్వరాలల్ల పోయినోళ్ళు. వేళ్ళ మీద లెక్కబెడుతుంటే ఒక్కొక్క వేలుకు ఒక్కొక్క ముఖం.

"ఇప్పుడు?"

"నిన్ను కలిపితే ముగ్గురం."

ఆయన ఆ అంకెలు కాయితం మీద వరుసగ పెట్టిండు. పెన్సిల్ గీత గీసుకుంట కిందికి పోతున్నది. మూడు కాడికి వచ్చింది. ముందుకు పోబోయి ఆగింది. నసీరు తల ఎత్తి నా ముఖం చూసిండు. కాయితం మడిచి షేర్వాణీ జేబుల పెట్టుకున్నడు.

"పనికిమాలిన లెక్క ఖాలా," అని మీదికి పోయిండు.

పోయేది తెలిసి మడిచిండా? ఎంత వచ్చింది లెక్క? రెండా, ఒకటా, సున్ననా? విమల కాలేజీకెల్లి పావుగంట ఆలస్యంగ వస్తే వాకిట్ల నిలబడుడు షురూ చేసిన. రెండు దినాలు నిద్ర లేదు. నా ఇంటి గీత ఆయన జేబుల ఉన్నది, మెట్లు ఎక్కుతున్నది, దిగుతున్నది, కాలేజీకి పోయి వస్తున్నది!

శుక్రవారం వచ్చింది. శ్రావణ శుక్రవారం మా ఇంట్ల అన్ని అర్రలకు ధూపం వేసుడు మా అత్తగారి కాలంకెల్లి ఆచారం. కీడేదన్న ఉంటే పోవాలని. ఈ ఇంట్ల కీడు ఏడున్నదో నాకు తెలుసు. కొట్టు అర్రల, గోడ మీద, సీస పైన. గుగ్గిలం రెండు పిడికిళ్ళు వేసిన, ఎండు వేపాకు వేసిన, ఎర్రటి నిప్పుల మీద. ఆ కాయితం ముందట మూడుసార్లు తిప్పి, ధూపం గిన్నె అక్కడనే పెట్టి, పొగ బయటికి పోకుంట తలుపు మూసి, గవాక్షంకు బట్ట కుక్కి వచ్చిన. గంటసేపు విష్ణు సహస్రనామం చదువుకున్న. మనసు మస్తు నిమ్మళమైంది.

తలుపు తీసిన. పొగ జర పలచబడ్డది. కాయితం అట్లనే ఉన్నది, చెక్కు చెదరలే. కిందికి చూసిన.

పిండి ఎర్రగ కనబడ్డది.

అన్నీ పైకొచ్చినయి. వెల్లకిల పడి, కాళ్ళు ముడుచుకోని, కదలకుంట. సీస నిండ చప్పుడు లేదు. కాయితం ఊపిరి తీసుకోదు, పురుగులు తీసుకుంటయి! ఈ జర మాట నాకు గంట ముందు తోచొద్దా?

"అయ్యో నా తల్లుల్లారా," అని అక్కడనే కూలబడ్డ. పూజారి ఇల్లు, శ్రావణ శుక్రవారం, ఒక్క దెబ్బకు ఇంటెడు హత్య! ఎల్లుండే ఆదివారం. విమల అయిదు నెలల కష్టం గుగ్గిలం పొగల పోయె.

జల్లెడ పట్టి వాటిని తీసిన. లెక్కబెట్టలే. పోయినోళ్ళను లెక్కబెట్టొద్దని మా అత్త అనేది. పెద్ద ఇత్తడి తాంబాళంల మోదుగ విస్తరి పరిచి, దాని మీద నిమ్మళంగ పోసి, పిడికెడు పిండి చల్లి, పైన మడిబట్ట కప్పి దేవుని అర్రల ఒక మూలకు పెట్టిన. ఆదివారం గడిస్తే మూసీల కలిపి చెంపలేసుకుందామనుకున్న.

ఇగ సీస. ఖాళీ సీస చూపిస్తే విమల గతేంది? చెంబు చెంగు కింద పెట్టుకోని రామేశం కిరాణ దుకాణంకు పోయిన.

"రామేశం, మీ తాన పురుగులున్నయా?"

దుకాణంల ఇద్దరు గిరాకీలు నిలబడ్డరు. రామేశం వాళ్ళను చూసి, నన్ను చూసి, కందగడ్డ లెక్క ఎర్రబడ్డడు. "ఏంది అమ్మా గా మాట! మా తాత కాలంకెల్లి దుకాణం. ఒక్క పురుగు చూపిస్తే మీసం తీయించుకుంట!"

"అట్లనకు నాయనా. ఉండాలె. నాకు మస్తు అవసరం."

"ఎన్ని?" అన్నడు నోరు జారి.

"రెండు వందల దాక."

రామేశం తక్కెడ కింద పెట్టి ముందుకు వంగిండు. "ఎవరు పంపిండ్రు? ఎదురు దుకాణపోడేనా?"

"ఒట్టు, ఎవరూ పంపలే. ఇంట్లకు కావాలె."

"ఇంట్లకా? అమ్మా, పానం మంచిగనే ఉన్నదా? విమలమ్మకు కబురు పంపన్నా?"

"విమలకు తెలిస్తే నేను పోయినట్టే!"

గిరాకీలు పోయేదాక ఆగి నన్ను వెనుక అర్రలకు తీసుకపోయిండు. ఒక మూలకు పాత జొన్నల సంచి. మూతి విప్పితే లోపల నల్లగ కదులుతున్నది. "బర్లకు వేద్దామని పెట్టిన," అన్నడు తల వంచుకోని. "ఎవలకూ చెప్పకమ్మా."

"నేనూ అదే చెప్పబోతున్న," అన్న.

ఇంటికొచ్చి జపమాల పట్టుకున్న. ఎన్ని కావాల్నో గోడ మీద రాసే ఉన్నది. ఒక్కొక్క పురుగును సీసల వేసుడు, ఒక్కొక్క పూస జరుపుడు. ఒక మాల నిండితే నూట ఎనిమిది. రెండో మాలల ఎనభై అయిదు. అయిపోయింది. నూట తొంభై మూడు. మంత్రం బదులు పురుగులు, దేవుడు నన్ను క్షమించాలె.

మూతికి బట్ట కట్టి తల ఎత్తిన. అప్పుడు తోచింది ఒక ఆలోచన. పురుగులు చచ్చినయి, అయినా లెక్క తప్పలే. నా కాళ్ళను దుకాణందాక నడిపించి, నా వేళ్ళతోని పూసలు జరిపించి, ఆ కాయితం తన లెక్క తానే తెచ్చుకున్నది! రాసినోడు మీద పండుకున్నడు. చేసినదాన్ని నేను. ఈ ఇద్దరి నడుమ ఎవలున్నరు?

శనివారం దీపం పెడుతుంటే దేవుని అర్రల మూలకు ఏదో గరగరమన్నది. మడిబట్ట కిందికెల్లి. నేను దీపం అక్కడనే పెట్టి, దండం సగంల వదిలి బయటికొచ్చిన. పోయినోళ్ళు మూసీ దాక గూడ ఆగరా?

ఆదివారం అందరూ వచ్చిండ్రు. వాన మబ్బు కమ్మి పది గంటలకే దీపం పెట్టాల్సొచ్చింది. విమల సీస తెచ్చింది. జల్లెడ పట్టిండ్రు. నసీర్ సాబ్ కండ్లు చిట్లిచ్చి లెక్కబెడుతున్నడు, టీచర్లు ఎంబడి అంటున్నరు. నూట తొంభై. తొంభై ఒకటి. తొంభై రెండు.

"నూట తొంభై మూడు!" నసీర్ సాబ్ లేచి నిలబడ్డడు. "ఎగ్జాక్ట్! సార్, ఎగ్జాక్ట్!"

విమల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. కండ్లనిండ నీళ్ళు. నేను స్తంభానికి ఆనుకోని, దేవుడా గట్టెక్కించినవ్ అనుకుంటున్న.

నరహరి రావు సార్ మాత్రం జేబులకెల్లి లెన్స్ తీసిండ్రు. ఒక పురుగును గోటి మీద పెట్టుకోని చూసిండ్రు. ఇంకోటి చూసిండ్రు. గూట్ల ఉన్న మట్టి ఏనుగు దిక్కు చూసిండ్రు.

"నసీర్ సాబ్, ఏనుగుకు తొండముంటదంటే ఒప్పుకుంట. నా పిండిపురుగుకు తొండమేంది?"

"తొండమా?"

"ఇది ముక్కుపురుగు. జొన్నలల్ల ఉంటది. మీరు అయిదు నెలలుగ లెక్కబెడుతున్నరు, ఒక్కసారన్న ముఖం చూసిండ్రా? ఒకటి గాదు, నూట తొంభై మూడూ ముక్కుపురుగులే!" లెన్స్ కింద పెట్టి విమల దిక్కు తిరిగిండ్రు. గొంతు చల్లగున్నది. "ఇంకో మాట. ఎగ్జాక్ట్ వచ్చిందన్నప్పుడే నాకు అనుమానం. ప్రాణమున్నది ఏదీ గింత సరిగ్గ రాదు. ఇది ఎవరు పెట్టిండ్రు?"

విమల ముఖం తెల్లబడ్డది. అప్పుడే, దేవుని అర్రలకెల్లి, గర్.. గర్.. గర్..

అందరం అటు తిరిగినం.

నాకు ఇగ ఆగలే. సార్ ముందటికి పోయి చేతులు జోడించిన. "విమలకు ఏం తెల్వదు. పెట్టింది నేను. అవి ముక్కుపురుగులని నాకు కనబడలే, లెక్క మాత్రం సరిగ్గ పెట్టిన. మీ పురుగులను పొగబెట్టి చంపిన. అండ్ల ఉన్నయి. నన్ను పిలుస్తున్నయి."

విమల ఉరికి పోయి మడిబట్ట ఎత్తింది.

విస్తరి మీద ఎర్రగ, సందడిగ, జాతర లెక్క తిరుగుతున్నయి. ఎండిన మోదుగాకు మీద అన్ని కాళ్ళ చప్పుడు! పొగకు మత్తెక్కి పడినయట, చావలేదట. గాలి తగిలి లేచి రెండు దినాలుగ నేను చల్లిన పిండి తింటున్నయి. నేను దయ్యాలనుకోని ఒక దీపం ఎక్కువ పెట్టిన.

తాంబాళం ముందట సార్ స్వయంగ కూసున్నరు. ఒక్కొక్కటి లెన్స్ కింద ముఖం చూసి మరీ లెక్కబెట్టిండ్రు. అరగంట పట్టింది.

"నూట ఎనభై ఏడు," అన్నరు. గోడ మీది కాయితం తెప్పించి పక్కన పెట్టుకున్నరు. నూట తొంభై మూడు, నూట ఎనభై ఏడు. రెండిటి మీదా వేలు పెట్టి అటూ ఇటూ చూసిండ్రు. "నసీర్ సాబ్, ఇది నమ్ముత. తప్పింది గనుక నమ్ముత. విమలా, సోమవారం నా రూముల నల్లబల్ల వేయిస్త. నువ్వే చూసుకో."

విమల నన్ను పట్టుకోని ఏడ్చిందో నవ్విందో తెల్వదు. తర్వాత నాలుగు దినాలు మాట్లాడలే, అది వేరే సంగతి.

నేను మెల్లగ నసీరు దగ్గరికి పోయిన. "నా కాయితం ఇయ్యి."

"ఏ కాయితం?"

"నీ జేబుల ఉన్నది. మా ఇంటిది."

ఆయన వెతికి తీసి ఇచ్చిండు. విప్పి చూసిన. పంతొమ్మిది, పద్నాలుగు, పదకొండు, ఏడు, మూడు. తర్వాత ఖాళీ తెలుపు. ఏమీ లేదు.

"ముందుకు ఎందుకు రాయలే?"

"రాయలేను ఖాలా. పురుగులకు రాయొచ్చు, అవి కాయితం చదవవు." నవ్వు ఆపుకుంటున్నడు. "మీరు చదువుతరు. చదివి చెంబు పట్టుకోని రామేశం దుకాణంకు పోతరు, మొన్న మీదికెల్లి చూసిన. అప్పుడు నా లెక్క ఏం కావాలె?"

అయిపోయిందనుకున్నరా? నేనూ అట్లనే అనుకున్న. నరహరి రావు సార్ మాత్రం లేవలే. విస్తరి అంచు ఒక్కతాన తాంబాళం గట్టు దాటి గోడకు తగిలి ఉన్నది. దాన్నే చూస్తున్నరు.

"కాయితం నిజమైతే ఇంకో ఆరు ఉండాలె," అన్నరు. "ఈ గోడకు అవతల ఏమున్నది అమ్మా?"

"వంటిల్లు."

"పిండి డబ్బ?"

"ఉన్నది."

సార్ జేబులకెల్లి పెన్సిల్ తీసిండ్రు. లెక్కలంటే భయపడి కప్పల దిక్కు పోయిన ఆ మనిషి, చెమటలు తుడుచుకుంట, కొట్టేసుకుంట, పెదవులు కదుపుకుంట, జన్మల మొదటి లెక్క చేసిండ్రు. "డబ్బ పెద్దది, జాగకు కరువు లేదు. ఆరు.. నెలకు.. పంతొమ్మిది." నసీర్ సాబ్ చూసి తల ఊపిండు. ఆ కాయితం నా పిండి డబ్బ పైన అంటిచ్చిండ్రు. నేను ఆనాడే డబ్బ మొత్తం జల్లెడ పట్టిన. ఒక్కటి దొరకలే. హమ్మయ్య, ఈసారి కాయితం ఓడిందని మరిచిపోయిన.

నెల తిరిగింది. నిన్న సార్ క్లాసు ముచ్చట చెప్పుదామని పొద్దున్నే వచ్చిండ్రు. పూరీలు చేసిన. సార్ అయిదు, నసీరు నాలుగు, విమల మూడు. నాకు ఏకాదశి, నేను ముట్టలే. చేతులు కడుక్కున్నంక సార్ అడిగిండ్రు.

"అమ్మా, నెలయింది గద, డబ్బ చూసిండ్రా?"

అందరి ముందటనే జల్లెడ పట్టిన. ఎర్రగ, ముక్కు లేనివి, ఒక్కొక్కటే బయటికొచ్చినయి. ఆనాడు నేను జల్లెడ పట్టినంకనే ఆ ఆరు డబ్బల జొరబడ్డయేమో. పదిహేడు.

"పంతొమ్మిదికి పదిహేడు!" సార్ చిన్న పిల్లగాని లెక్క చప్పట్లు కొట్టిండ్రు. "నా మొదటి లెక్క! రెండే తేడా!"

తర్వాత చప్పట్లు మెల్లగ ఆగినయి. సార్ ఖాళీ పళ్ళెం దిక్కు చూసిండ్రు. విమల చూసింది. నసీర్ సాబ్ గొంతు సవరించుకోని, "సార్, ప్రాణమున్నది ఏదీ సరిగ్గ రాదని మీరే అన్నరు," అన్నడు.

సార్ నా దిక్కు తిరిగి అడిగిండ్రు, "అమ్మా, పూరీలకు పిండి జల్లెడ పట్టే కలిపిండ్రు గదా?"

ఏం చెప్పాలె? ఏకాదశి నాడు అబద్ధం చెప్పొద్దు. పిండి కలుపుతున్నప్పుడు నా కండ్లు పిండి మీద లేవు. డబ్బ పైన అంటిచ్చిన ఆ కాయితాన్ని కూడబలుక్కుంట చదువుకుంటున్న.